ధరల పట్టిక ముట్టుకోకుండా ఇళ్ళు అమ్మిన రోజులు: నా అనుభవం

కొత్త ఇళ్ళ అమ్మకాల్లో చాలా ఏళ్ళు పనిచేసినా, ధర తగ్గించడానికీ, అంతే సొమ్మును మరో రూపంలో కొనేవారి చేతికి ఇవ్వడానికీ మధ్య ఉన్న తేడా నాకు ఒకే ఒక్క ప్రాజెక్టు మీద అర్థమైంది. అది 64 ఇళ్ళ ప్రాజెక్టు. నేను అమ్మకాల బాధ్యత తీసుకునేసరికి 41 ఇళ్ళు బుక్ అయ్యాయి. వాటిలో 27 ఇళ్ళకు రిజిస్ట్రేషన్ పూర్తయి తాళాలు చేతులు మారాయి. మిగతా 14 ఇళ్ళవారు అడ్వాన్సు కట్టి, పని పూర్తయ్యేదాకా ఎదురు చూస్తున్నారు. అమ్ముడుపోని 23 ఇళ్ళలో తొమ్మిది పూర్తిగా తయారై, రంగులు కూడా వేసుకుని, తాళం వేసి ఉన్నాయి. తయారై ఖాళీగా ఉన్న ఇల్లు బిల్డరును రోజూ తింటుంది: నిర్మాణానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ, కాపలా, కరెంటు, పన్ను, ఎవరూ తిరగకపోయినా చేయక తప్పని మరమ్మతులు.

ఇళ్ళు చూడడానికి వచ్చేవారు తగ్గలేదు. అదే మాకు మొదట అంతుపట్టని విషయం. కుటుంబాలతో వచ్చేవారు, గదులన్నీ తిరిగేవారు, మంచం ఎక్కడ వేసుకోవాలో అక్కడే నిలబడి మాట్లాడుకునేవారు. ఆ తర్వాత నా బల్ల ముందు కూర్చుని, నెల వాయిదా ఎంత పడుతుందో లెక్క వేసి చూపించగానే ముఖాలు మారిపోయేవి. గృహరుణాల వడ్డీ రేట్లు ఏడాది తిరగకుండానే బాగా పెరిగాయి. ఇంటి ధర అలాగే ఉన్నా, ఆ ధరకు నెలనెలా కట్టాల్సిన మొత్తం మాత్రం వాళ్ళ అంచనా దాటిపోయింది. "ఆలోచించుకుని వస్తామండీ" అని లేచినవారిలో తిరిగి వచ్చినవారు అతి తక్కువ.

అమ్మకాల మనిషిగా నాకు తోచిన మందు ఒక్కటే, ధర తగ్గించడం. నాలుగు శాతం తగ్గించి బోర్డు పెడదామని యాజమాన్యానికి రాసి పంపాను. మా ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్దాయన ఆ కాగితం చదివి, పక్కన పెట్టి, "మనం 23 ఇళ్ళ ధర తగ్గించడం లేదండీ, 64 ఇళ్ళ ధర తగ్గిస్తున్నాం" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు అతిశయోక్తిగా అనిపించింది. ఆయన ఒక్కో వేలు మడుస్తూ చెప్పుకొచ్చారు. అడ్వాన్సు కట్టిన 14 మంది తమ ఒప్పందాలు తిరిగి రాయమంటారు, లేదా అడ్వాన్సు వదులుకుని కొత్త ధరకు మళ్ళీ బుక్ చేసుకుంటామని బెదిరిస్తారు. తాళాలు తీసుకున్న 27 మంది ఇళ్ళ విలువ మన చేతులతో మనమే తగ్గించినవాళ్ళమవుతాం. మనకు నిర్మాణానికి అప్పు ఇచ్చిన బ్యాంకు ఒక్కో ఇంటిని తాకట్టు నుంచి విడిపించడానికి ఇంత కట్టాలని ముందే రాయించుకుంది కాబట్టి, ధర కిందికి దిగినకొద్దీ మన చేతిలో మిగిలేది దానికంటే వేగంగా కరిగిపోతుంది. అన్నిటికీ మించి, ఒకసారి తగ్గిన ధర మళ్ళీ తగ్గుతుందేమోనని కొనేవారు ఆగి చూస్తారు. నాలుగు శాతం తగ్గింపు చూసి పరుగున వచ్చేవారికంటే, ఎనిమిది శాతం కోసం కాచుకుని కూర్చునేవారే ఎక్కువ ఉంటారని ఆయన లెక్క.

పాత కొనుగోలుదారుల కోపం ఊహాజనితమైన భయమేమీ కాదు. 2011 అక్టోబరులో షాంఘైలో బిల్డర్లు కొత్త ఇళ్ళ ధరలు ఒక్కసారిగా తగ్గించినప్పుడు, అంతకుముందు ఎక్కువ ధరకు కొన్నవారు అమ్మకాల కార్యాలయాల మీదికి వెళ్ళి నిరసన తెలిపారు, అద్దాలు పగలగొట్టారు. పదేళ్ళ తర్వాత, 2021లో, చైనాలోని కొన్ని నగరాల అధికారులు బిల్డర్లు ధరలను మరీ కిందికి దించకూడదని ఏకంగా ఆదేశాలే ఇచ్చారు. మా ప్రాజెక్టులో అంత గొడవ జరుగుతుందని ఎవరూ అనుకోలేదు గానీ, రోజూ సైట్ గేటు దగ్గర పలకరించే మనుషుల ముఖాలు నాకు గుర్తొచ్చి, నా కాగితం నేనే వెనక్కి తీసుకున్నాను.

అలా మేము తాయిలాల దారి పట్టాం. మొదటి తాయిలం వంటగది. మామూలు అరల బదులు మేలిరకం అరలు, రాతి గట్టు, మంచి పొయ్యి, పైన పొగ లాగే యంత్రం, అన్నీ ఉచితం అని ప్రకటించాం. బిల్డర్లకు ఇలాంటి తాయిలం ఎందుకు ఇష్టమంటే, వాటిని టోకున కొంటారు కాబట్టి కొనేవాడు వంద విలువ కట్టే వస్తువు బిల్డరుకు అరవైకో, డెబ్బైకో పడుతుంది. వంద ఇచ్చినట్టు కనిపిస్తుంది, అరవై మాత్రమే పోతుంది. కాగితం మీద ఇంతకంటే లాభసాటి బేరం లేదు. మూడు నెలల్లో రెండు ఇళ్ళు అమ్ముడయ్యాయి, ఆ ఇద్దరూ వంటగది లేకపోయినా కొనేవాళ్ళే. అందరూ రాతి గట్టు మీద చెయ్యి పెట్టి నిమిరి చూశారు, బాగుందన్నారు, వాయిదా లెక్క చూసి వెళ్ళిపోయారు. ఆ నునుపైన రాయి మీద వేలిముద్రలు తుడవడం మా కుర్రాడికి రోజూ ఒక పని అయింది.

విడిగా ఇచ్చే లాభం మనిషికి ఎందుకు ముద్దు వస్తుందో వివరించిన ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లోనే ఒక మాట చెప్పారు: పెద్ద ఖర్చులో కొంచెం తగ్గిస్తే అది ఆ ఖర్చులోనే కలిసిపోయి కనిపించదు, అదే సొమ్మును వేరుగా చేతిలో పెడితే అది ప్రత్యేకమైన లాభంగా అనిపిస్తుంది, కార్ల కంపెనీలు ధర తగ్గించకుండా కొంత డబ్బు తిరిగి ఇవ్వడం ఇందుకేనన్నారు. మాట నిజమే. కానీ మా దగ్గరికి వచ్చేవారికి సంతోషం తక్కువై ఆగలేదు, నెల చివర డబ్బు తక్కువై ఆగారు. ఆ రెండింటినీ ఒకటిగా చూసి మూడు నెలలు పోగొట్టుకున్నాం.

అసలు మలుపు ఒక సాయంత్రం ఆఫీసులో వేసిన లెక్కతో వచ్చింది. దాన్ని వివరంగా చెప్తాను, ఎందుకంటే నా అభిప్రాయాలన్నీ ఆ ఒక్క కాగితం మీద నిలబడ్డాయి. ఇంటి ధర 100 అనుకుందాం. కొనేవాడు 20 తన చేతి నుంచి పెట్టుకుని, 80 అప్పు తీసుకుంటాడు. అప్పు 30 ఏళ్ళకు, వడ్డీ 7 శాతం. బిల్డరు తన జేబులోంచి 4 వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. మొదటి గడిలో ఆ 4 ధరలో తగ్గించాను: ధర 96, చేతి నుంచి 19.2, అప్పు 76.8. నెల వాయిదా సరిగ్గా నాలుగు శాతం తగ్గింది, అంతే. రెండో గడిలో అదే 4 ను అప్పు ఇచ్చే సంస్థకు ముందుగా కట్టి, 30 ఏళ్ళ పాటూ వడ్డీ రేటు తగ్గించమన్నాను. అప్పు మొత్తంలో ఒక శాతం ముందే కడితే రేటు పావు శాతం దాకా తగ్గడం మామూలు లెక్క. మా దగ్గర కొనేవారికి అప్పు ఇచ్చే సంస్థ అంతకంటే కొంచెం ఎక్కువ అడిగి, అప్పులో ఐదు శాతానికి, అంటే సరిగ్గా ఆ 4 కు, రేటును 7 నుంచి 6కు దించింది. అప్పు 80 అలాగే ఉంది, కానీ నెల వాయిదా దాదాపు పది శాతం తగ్గింది. బిల్డరుకు పోయింది అదే 4. కొనేవాడి నెల జీతంలో కనిపించేది మాత్రం రెండున్నర రెట్లు.

అమెరికాలో పెద్ద బిల్డర్లు ఇదే లెక్క మీద నడిచారని తర్వాత తెలిసింది. అక్కడి కేంద్ర బ్యాంకు 2022 మార్చి వరకు దాదాపు సున్నా దగ్గర ఉంచిన రేటును 2023 జూలై నాటికి 5.25–5.50 శాతానికి తీసుకెళ్ళింది. 30 ఏళ్ళ గృహరుణాల సగటు వడ్డీ 2023 అక్టోబరులో ఎనిమిది శాతానికి కొంచెం దిగువన ఆగింది. తక్కువ వడ్డీకి పాత అప్పులున్నవారు ఇళ్ళు అమ్మడానికి ఇష్టపడలేదు, ఎందుకంటే అమ్మితే కొత్త అప్పు ఎక్కువ వడ్డీకి తీసుకోవాలి. అలా పాత ఇళ్ళు సంతకు రాని కాలంలో, వడ్డీ తగ్గించి ఇవ్వగలిగిన కొత్త ఇళ్ళ బిల్డర్లకు పోటీ తగ్గింది. సొంత ఇంటిని అమ్మే మామూలు మనిషికి ఇంత హంగు కుదరదు; పెద్ద బిల్డరు తన అనుబంధ రుణ సంస్థ ద్వారా వందల ఇళ్ళకు సరిపడా వడ్డీ తగ్గింపును ఒకేసారి టోకున కొనుక్కోగలడు.

మేము వంటగది ప్రకటన తీసేసి, వాయిదా ప్రకటన పెట్టాం. ధరల పట్టికలో ఒక్క అంకె మారలేదు. ఆ నెలలో నాలుగు, మరుసటి నెలలో ఐదు బుకింగులు వచ్చాయి. 14 మందిలో ముగ్గురు ఫోన్ చేసి తమకూ ఆ వడ్డీ వర్తిస్తుందా అని అడిగారు. రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి అందరికీ ఇచ్చాం, ఎవరూ ఒప్పందం రద్దు చేసుకోలేదు. ఆర్థిక విభాగం పెద్దాయన ఏమీ అనలేదు గానీ, మధ్యాహ్నం భోజనం తర్వాత మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడడం మొదలుపెట్టారు.

ఆ సంబరంలో ఉండగా ఒక పెద్దమనిషి వచ్చారు. ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యారు, పాత ఇల్లు అమ్మిన డబ్బు చేతిలో ఉంది, అప్పు అక్కర్లేదు. "మీరు వాళ్ళకు వడ్డీలో ఇస్తున్నది నాకు ధరలో ఇవ్వండి, రేపే మొత్తం కట్టేస్తాను" అన్నారు. న్యాయమైన మాట. అయినా ధర తగ్గించకూడదన్న ఆదేశం నా నెత్తి మీద ఉంది. మేలిరకం వంటగది ఇస్తానన్నాను, బయటి తోట వేయించి ఇస్తానన్నాను, రిజిస్ట్రేషన్ ఖర్చులు పెట్టుకుంటానన్నాను. ఆయన ఓపికగా విని, "నాకు అవసరమైంది ఇవ్వడం లేదు, మీకు ఇవ్వడానికి వీలైంది ఇస్తున్నారు" అని లేచి వెళ్ళిపోయారు. అమ్మకాల్లో ఉన్నవాడికి తగిలే మాట అది. అప్పు అక్కర్లేనివాడికి వడ్డీ తగ్గింపు గాలిలో కలిసిపోయే సాయం. అలాంటివారు పదిమందిలో ఒకరే అయినా, డబ్బు చేతిలో పెట్టుకుని వచ్చిన ఆ ఒక్కరినే మేము ఖాళీ చేతులతో పంపించాం.

అప్పటి నుంచి నా కాగితంలో మూడో గడి కూడా వేసుకున్నాను, దాన్ని ఎవరికీ చూపించలేదు. కొన్నవాడు ఐదేళ్ళకే ఇల్లు అమ్మి వెళ్ళిపోతే ఏమవుతుంది? ధర తగ్గింపు తీసుకున్నవాడు 96కు కొన్నాడు, ఐదేళ్ళ తర్వాత సుమారు 72.3 బాకీ ఉంటాడు. వడ్డీ తగ్గింపు తీసుకున్నవాడు సుమారు 74.4 బాకీ ఉంటాడు. మొదటివాడు నెలనెలా ఎక్కువ కట్టిన మాట నిజమే, అయినా చేతి నుంచి తక్కువ పెట్టాడు, బాకీ తక్కువ మిగిలింది. అన్నీ కూడి తీసివేస్తే అతనే ఇంటి ధరలో ఒక శాతం మేర లాభంలో ఉన్నాడు. ఏడేళ్ళు నిండే సరికి ఇద్దరూ దాదాపు సమానమవుతారు, ఆ తర్వాత వడ్డీ తగ్గింపు తీసుకున్నవాడు ముందుకు పోతాడు. పైగా మధ్యలో సంతలో వడ్డీ రేట్లు పడిపోతే, ధర తగ్గింపు తీసుకున్నవాడు కొత్త అప్పుతో పాత అప్పు తీర్చేసి ఆ లాభం కూడా పట్టుకుంటాడు. వడ్డీ తగ్గింపు తీసుకున్నవాడి విషయంలో ముందుగా కట్టిన ఆ సొమ్ము వృథా అయినట్టే. తగ్గిన ధర ఇంటితోనే ఉంటుంది. తగ్గిన వడ్డీ ఆ అప్పుతోనే పోతుంది.

ధర కాపాడుకున్నామన్న మా గర్వం కూడా పూర్తిగా నిజం కాదని విలువ కట్టడానికి వచ్చిన వ్యక్తి చూపించాడు. బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టేవారు పక్క ఇళ్ళు ఎంతకు అమ్ముడయ్యాయో చూస్తారు, కానీ అమ్మినవాడు ఏమేమి రాయితీలు ఇచ్చాడో కూడా అడుగుతారు. మేము వడ్డీకి 4, రిజిస్ట్రేషన్ ఖర్చులకు ఒకటిన్నర పెట్టామని చెప్పగానే, ఆయన తన నివేదికలో పట్టిక ధరను యథాతథంగా వాడకుండా దానిలోంచి కొంత తీసేశాడు. అప్పు ఇచ్చే సంస్థలు దీనికి పరిమితులు పెట్టేది కూడా అందుకే. అమెరికాలో గృహరుణాలను కొని నడిపించే ఫ్యానీ మే సంస్థ నిబంధనల ప్రకారం, సొంతంగా ఉండడానికి కొనే ఇంటికి చేతి నుంచి పెట్టే సొమ్ము పది శాతం లోపే అయితే అమ్మేవాడి నుంచి అప్పు ఖర్చులకు మూడు శాతానికి మించి సాయం రాకూడదు. పది నుంచి పాతిక శాతం లోపు పెడితే ఆరు, పాతిక లేదా అంతకు మించి పెడితే తొమ్మిది. అద్దెకిచ్చే ఇంటికైతే రెండే. ఆ హద్దు దాటిన సాయాన్ని ధరలోంచి తీసేసి అప్పు లెక్క కడతారు. అంటే, తాయిలం ఒక స్థాయి దాటితే దాన్ని ధర తగ్గింపు అనే పిలుస్తారు, మనం ఏ పేరు పెట్టుకున్నా.

తయారై తాళం వేసి ఉన్న తొమ్మిదిలో మూడు మాత్రం ఎంత చేసినా కదల్లేదు. మూలల్లో ఉన్నవి, ఒకటి ప్రహరీ పక్కన, రెండు కరెంటు నియంత్రణ పెట్టెకు ఎదురుగా. వాటి లోపం వాయిదాది కాదు, ఇంటిది. అలాంటి చోట తాయిలం పనికిరాదు. తక్కువ విలువైన ఇంటికి తక్కువ ధరే సరైన సమాధానం. ఈసారి పెద్దాయనే ముందుకు వచ్చి, ఆ మూడింటికి మాత్రం ధర తగ్గిద్దామన్నారు, ఆరు శాతం. బోర్డు పెట్టకముందే ఆ ఇళ్ళకు అటూ ఇటూ ఉన్న పాత యజమానుల దగ్గరికి నేను స్వయంగా వెళ్ళి, ఎందుకు తగ్గిస్తున్నామో, ఏ ఇళ్ళకు తగ్గిస్తున్నామో చెప్పాను. ఒక దంపతులు తమ రిజిస్ట్రేషన్ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి, మా ఇల్లు కూడా ఆ పెట్టెకు దగ్గరే కదా అని దూరం కొలవమన్నారు. నిజంగానే టేపు పట్టుకుని వెళ్ళాం. వాళ్ళ ఇల్లు దానికి బాగా దూరంగానే ఉంది. అయినా ఆయన కోపం తగ్గలేదు, ఆవిడ మాత్రం మాకు మంచినీళ్ళు ఇచ్చి పంపించారు. మూడు ఇళ్ళూ ఆరు వారాల్లో అమ్ముడయ్యాయి. ఒకటి కొన్నది, అప్పు అక్కర్లేదని వెళ్ళిపోయిన ఆ రిటైరైన పెద్దమనిషే.

ఈ అనుభవంలో నేను చేసిన అసలు తప్పు చివర్న బయటపడింది. 30 ఏళ్ళ తగ్గింపుకు ఖర్చు ఎక్కువ అవుతోందని, చివరి ఆరు ఇళ్ళకు తాత్కాలిక తగ్గింపు పెట్టాం: మొదటి ఏడాది రేటు రెండు శాతం తక్కువ, రెండో ఏడాది ఒక శాతం తక్కువ, మూడో ఏడాది నుంచి పూర్తి రేటు. ఇది బిల్డరుకు ఇంటి ధరలో రెండు శాతం లోపే పడుతుంది, అంటే సగానికి సగం చవక; ప్రకటనలో మాత్రం 5 శాతం వడ్డీ అని పెద్ద అక్షరాలతో వేసుకోవచ్చు. మూడో ఏడాది వాయిదా మొదటి ఏడాది వాయిదా కంటే సుమారు 24 శాతం ఎక్కువ ఉంటుందని కాగితాల్లో ఉంది. నేను చదివి వినిపించాను కూడా. కానీ చెప్పేటప్పుడు "అప్పటికి రేట్లు తగ్గుతాయి, మార్చుకోవచ్చు లెండి" అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. అలా అనడానికి నాకు ఏ ఆధారమూ లేదు. మూడో ఏడాది మొదటి వాయిదా కట్టాల్సి వచ్చిన రోజు ఒకావిడ ఫోన్ చేశారు. అరవలేదు, తిట్టలేదు. "అప్పుడు మీరు తగ్గుతాయన్నారు కదండీ, ఇంకా తగ్గలేదా?" అని మాత్రం అడిగారు.

ఆ తర్వాత వచ్చిన ప్రాజెక్టులో తాత్కాలిక తగ్గింపు ఇచ్చిన ప్రతిసారీ నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూడు ఏళ్ళ వాయిదాలు ఒకే కాగితం మీద రాసి, మూడో అంకెను కొనేవారి చేతే వాళ్ళ కలంతో రాయించేవాడిని. మొదటి వారంలోనే ఒక యువతి ఆ అంకె రాయబోయి సగంలో ఆగి, కలం మూత పెట్టి, కాగితం మడిచి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. అమ్మకం పోయిందని మా కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. పది రోజుల తర్వాత ఆ అమ్మాయే వచ్చి, ఇదే వరుసలో ఒక గది తక్కువున్న ఇల్లు ఏదైనా ఉంటే చూపించమని అడిగింది.